గస్తీ పెట్టే ముందు కిరాయిదారులను అడగండి

మా కాలనీ హైదరాబాద్‌లో ఉప్పల్ దగ్గర. మూల మీద బ్లౌజులు కుట్టే షాపు నాది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు బ్లౌజు గురించి రెండు మాటలు, కాలనీ గురించి ఇరవై మాటలు మాట్లాడి వెళ్తుంటారు. ఆ మధ్య దసరా సెలవుల్లో తాళం వేసిన ఇళ్లలో వరుసగా దొంగతనాలు జరిగాయి. "మనమే రాత్రిళ్లు గస్తీ తిరుగుదాం" అని అసోసియేషన్ మీటింగ్‌లో తీర్మానం చేశారు. జాయింట్ సెక్రటరీ పదవికి ఎవరూ ముందుకు రాక నా పేరు రాసుకుని ఉన్నారు కాబట్టి ఆ పని నా నెత్తిన పడింది. అప్పటినుంచి నేను చూసింది, మేము పెట్టుకున్న పద్ధతులు ఇక్కడ రాస్తున్నాను. మీ కాలనీలో కూడా ఎవరో ఒకరు ఈపాటికే టార్చిలు, విజిళ్లు, రేడియం జాకెట్లు ఆన్‌లైన్‌లో చూస్తూ ఉంటారు. వాటిని కాసేపు పక్కన పెట్టించండి.

మీటింగ్‌లో చేతులెత్తింది ఎవరు?

మా మీటింగ్‌లో అందరూ ఒప్పుకున్నారు. కానీ అక్కడున్నది ఎవరు? సొంతిళ్లవాళ్లు, అందులోనూ మగవాళ్లు, అందులోనూ యాభై దాటినవాళ్లు. కాలనీలో సగానికి సగం మంది కిరాయికి ఉంటారు. వాళ్లకు అసోసియేషన్ మీటింగ్ కబురే అందదు. మర్నాటి నుంచి నా షాపులో వినపడిన మాటలు వేరు.

పెంట్‌హౌస్‌లో ఉండే బ్యాచిలర్ పిల్లవాడు ప్యాంటు పొడవు తగ్గించుకోవడానికి వచ్చి, "అక్కా, రేపు ఎక్కడ బండి పోయినా మొదట కొట్టేది మా గది తలుపే కదా" అన్నాడు. కాల్ సెంటర్‌లో పనిచేసే అమ్మాయిని క్యాబ్ రాత్రి రెండున్నరకు దింపుతుంది. ఆ పిల్లకు కుక్కలంటే భయం లేదట. "'ఏమ్మా, ఇంత లేటా?' అని ఆపి అడిగే అంకుల్స్ అంటేనే టెన్షన్ ఆంటీ" అంది. చివరి సందులో అపార్ట్‌మెంట్ కడుతున్నారు, బీహార్, ఒడిశా కూలీలు రేకుల షెడ్లలో ఉంటారు. వాళ్ల మేస్త్రీ చెప్పాడు: ఇంతకుముందు పనిచేసిన చోట ఏదో పోయిందని రాత్రంతా అందరినీ రోడ్డు మీద కూర్చోబెట్టి ఆధార్ కార్డులు చూశారట. కాలనీవాళ్లు గస్తీ అంటున్నారని తెలియగానే ఇద్దరు ఊరికి పోతామన్నారట.

పిల్లలు అమెరికాలో ఉన్న పెద్ద దంపతులు గస్తీ తప్పకుండా కావాలన్నారు. కారణం మాత్రం దొంగలు కాదు. "అర్ధరాత్రి బాత్‌రూంలో జారిపడితే ఎవరిని పిలవాలమ్మా?" అని అడిగింది ఆవిడ. సందు చివరి ముస్లిం కుటుంబంలో పెద్దాయన సూటిగా ఒక్కటే అడిగాడు, "గస్తీలో ఎవరెవరు ఉంటారు?" అని. ఆయన అడిగింది వినాయక చవితి రోజుల సంగతి. నెలకు ఇంటికి యాభై రూపాయలు తీసుకుని కర్ర తాటిస్తూ తిరిగే గూర్ఖా ముఖం మాడ్చుకున్నాడు, తన పని పోతుందని. (అతని విజిల్ వినపడితే దొంగ కూడా టైం చూసుకుంటాడని మా ఆయన అంటాడు గానీ, కాలనీలో ప్రతి ఇంటి కుక్క పేరూ తెలిసినవాడు అతనొక్కడే.) ఖాళీ ప్లాటు పక్కింటి ఆవిడకు అసలు రాత్రి భయమే లేదు. సాయంత్రం ఏడింటికి ఆ ప్లాటులో కూర్చుని మందు తాగేవాళ్లు, పైన వెలగని వీధి దీపం, అవీ ఆవిడ బాధ. ఇంకొకావిడ జాకెట్టు చేతులు పొడుగ్గా కుట్టమని, మోచేతి పైన కమిలిన చోటు కప్పుకుంటూ, "బయటి దొంగల సంగతి సరే వదినా" అని ఊరుకుంది.

ఇన్ని మాటలు విన్నాక అసలు ప్లాను మారకుండా ఎలా ఉంటుంది? వీటిలో సగం పనులకు రాత్రి గస్తీ అక్కర్లేదు. వీధి దీపానికి మున్సిపల్ కార్పొరేషన్ యాప్‌లో ఫిర్యాదు పెట్టి, వెలిగేదాకా వెంటపడితే చాలు. ప్లాటు యజమానికి ఫోన్ చేసి ముళ్లకంచె వేయించాం. ఒక్క రూపాయి గస్తీకి ఖర్చు పెట్టకముందే ఆ వైపు ఆడవాళ్లు మళ్లీ సాయంత్రం నడకకు రావడం మొదలైంది.

ఎలా అడగాలి

"గస్తీ కావాలా, వద్దా?" అని మాత్రం అడగకండి. ముఖం మీద ఎవరూ వద్దనరు. మేము అడిగినవి మూడే ప్రశ్నలు. కాలనీలో మీకు భయమనిపించే చోటు ఏది, ఏ టైంలో? ఆపద వస్తే మొదట ఎవరికి ఫోన్ చేస్తారు? గస్తీలో ఎవరుంటే మీకు ధైర్యం, ఎవరుంటే మీరు తలుపు తీయరు?

ఇంటింటికీ వెళ్లి అడగాలి. ఆడవాళ్లను ఆడవాళ్లే అడగాలి, అత్తగారు పక్క గదిలో ఉన్నప్పుడు కోడలిని అడిగి లాభం లేదు. కిరాయిదారులను ఇంటి ఓనరు పక్కన లేకుండా అడగాలి. కూలీల దగ్గరికి హిందీ వచ్చినవాళ్లు, ఆదివారం మధ్యాహ్నం వాళ్లు బట్టలు ఉతుక్కునే టైంలో వెళ్తే తీరిగ్గా మాట్లాడతారు. జవాబులు రాసుకోండి, పేర్లు రాయకండి. ఇస్త్రీ బండి అతన్ని, చెత్త బండివాళ్లను, పాల ప్యాకెట్లు వేసే అబ్బాయిని వదలకండి. తెల్లవారుజామున నాలుగున్నరకు కాలనీ ఎలా ఉంటుందో మనలో ఎవరికి తెలుసు?

మూడో ప్రశ్నకు జవాబు చెప్పడానికి అందరూ మొదట నసుగుతారు. తర్వాత పేర్లు వస్తాయి. మాకు ఒకే పేరు చాలా ఇళ్ల నుంచి వచ్చింది. ఆయన మీటింగ్‌లో అందరికంటే ముందు చెయ్యెత్తినవాడు, కర్రలు తానే కొనిపెడతానన్నవాడు. అలాంటివారిని గస్తీలోకి తీసుకోకండి, ఎందుకు తీసుకోలేదో కారణాలు చెప్పి గొడవా పెట్టుకోకండి. ఆయనకు మేము వీధి దీపాల ఫిర్యాదుల పని అప్పగించాం. ఆ దూకుడు కరెంటు సెక్షన్ ఆఫీసులో బాగా పనికొచ్చింది.

భివండీలో మా మేనమామ చూసింది

ఇదంతా నా తెలివి కాదు. మా మేనమామ సిరిసిల్ల నుంచి ముంబై పక్కనున్న భివండీ పోయి చాలా ఏళ్లు సాంచెల (మరమగ్గాల) మీద పనిచేశాడు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు పద్మశాలీలు ఎంతమంది అక్కడ స్థిరపడ్డారో ఆ జిల్లాలవాళ్లకు చెప్పక్కర్లేదు. సాంచెలు నడిపేవాళ్లు, నడిపించేవాళ్లు అన్ని మతాలవాళ్లూ. ఆ ఊళ్లో 1970లో, మళ్లీ 1984లో పెద్ద మతకల్లోలాలు జరిగాయి. 1984 మాట ఎత్తితే మామ ఇప్పటికీ టీవీ సౌండు తగ్గిస్తాడు.

1988లో అక్కడికి డీసీపీగా వచ్చిన సురేష్ ఖోపడే మొహల్లా కమిటీలు పెట్టించాడు. ఊరంతా కలిపి 70 దాకా. ఒక్కో కమిటీలో హిందువులూ ముస్లింలూ సమానంగా ఉండాలి. పార్టీ లీడర్లు, పేరుమోసిన 'దాదా'లు కాకుండా మామూలు మనుషులు ఉండాలి. ఆ ఏరియా చూసే పోలీసు వాళ్లతో కలిసి కూర్చోవాలి. అల్లర్లు లేని రోజుల్లోనే కూర్చోవాలి, నల్లా నీళ్ల గురించి, మోరీ గురించి, పిల్లల క్రికెట్ బంతి పగలగొట్టిన అద్దం గురించి మాట్లాడుకోవాలి. మామకు మొదట్లో ఇదంతా టైంపాస్ అనిపించిందట. 1992 డిసెంబరులో, 1993 జనవరిలో బొంబాయి తగలబడుతున్నప్పుడు పక్కనే ఉన్న భివండీ ప్రశాంతంగా ఉండిపోయింది. "పుకారు లేవగానే ఎవరింటికి పోయి అడగాలో అప్పటికే తెలుసు కదా" అంటాడు మామ.

నేను ఇందులోంచి తీసుకున్నవి రెండు. ఒకటి, కమిటీలో ఎవరుంటారన్నది టార్చిలకంటే ముందు తేలాలి. రెండోది, గొడవ లేని రోజుల్లో కలుసుకోని కమిటీ గొడవ రోజున పనికిరాదు.

ఎవరిని తీసుకోవాలి

మా టీంలో కిరాయిదారులు సగం ఉండాలని పట్టుబట్టాం. ఆ పెంట్‌హౌస్ అబ్బాయే ఇప్పుడు శనివారం డ్యూటీ వేస్తాడు. సందు చివరి పెద్దాయన రానని, కొడుకును పంపాడు. ఆడవాళ్లం రాత్రి తిరగడానికి ఇళ్లలో ఒప్పుకోలేదు. సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా మేము ముగ్గురు నలుగురం నడుస్తాం. గొలుసు దొంగలు వచ్చేది ఎక్కువగా ముగ్గులు వేసే పొద్దున, గుడికి పోయే సాయంత్రం. కాబట్టి మా షిఫ్టే ఎక్కువ పనికొచ్చేదని నా నమ్మకం, మగవాళ్లు ఒప్పుకోకపోయినా.

గూర్ఖాను మానిపించకండి. మేము అతనికి యాభైకి బదులు వంద చేశాం, గస్తీ లేని రోజుల్లో కూడా ఒక కన్నేసి ఉంచేది అతనే. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలు వద్దు. తాగి వచ్చినవాళ్లను ఆ రాత్రికి ఇంటికి పంపేయండి, మరోసారి వస్తే పేరు కొట్టేయండి. ఏ పార్టీ కండువా, ఏ సంఘం బ్యాడ్జీ ఉండకూడదు. ఎన్నికల్లో నిలబడే ఆలోచన ఉన్నవాళ్లు కూడా వద్దు అని మేము రాసుకున్నాం. అందువల్ల ఇద్దరు వెళ్లిపోయారు కూడా.

స్టేషన్‌కు వెళ్లడం

మొదటి రాత్రి తిరగకముందే స్టేషన్‌కు వెళ్లండి. అసోసియేషన్ లెటర్‌హెడ్ మీద దరఖాస్తు రాసి, తిరిగేవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు, టైములు జతచేసి ఇచ్చి, రెండో కాపీ మీద స్టాంపు వేయించుకోండి. తర్వాత ఎవరైనా "మీకు ఈ అధికారం ఎవరిచ్చారు?" అంటే ఆ కాపీ అక్కరకొస్తుంది. పోలీసుల పెట్రోలింగ్ కారు, బ్లూ కోల్ట్స్ బైకులు మన వైపు ఏ టైంలో వస్తాయో అడగండి, వాళ్లు తిరిగే టైంలోనే మనమూ తిరిగితే ఉపయోగం లేదు. తాళం వేసి ఊరెళ్లేవాళ్ల వివరాలు ఎవరికి చెప్పాలో కనుక్కోండి. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవాళ్లకైతే తాళం వేసిన ఇళ్ల మీద నిఘా కోసం అక్కడి పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ పద్ధతి ఉంది, దాన్ని వాడుకోండి.

కర్రలు వద్దు. ఖాకీ చొక్కాలు, 'పోలీస్' అని రాసిన జాకెట్లు అసలే వద్దు. పోలీసులమని నమ్మించడం నేరం. మా జాకెట్ల మీద కాలనీ పేరు, ఒక ఫోన్ నంబరు, అంతే.

రాత్రి డ్యూటీలో చేయాల్సింది

ఇద్దరిద్దరుగా తిరగాలి. ఒకరు ఓనరు, ఒకరు కిరాయిదారు అయితే మంచిది. రాత్రంతా తిరగడానికి ఎవరికీ ఓపిక ఉండదు, పొద్దున్నే ఉద్యోగాలుంటాయి. పదకొండు నుంచి ఒంటిగంట దాకా ఒక జత, రెండు నుంచి నాలుగున్నర దాకా ఇంకో జత. రోజూ అవే టైములు కాకుండా అటూ ఇటూ మార్చండి. టార్చి, నిండా చార్జింగ్ ఉన్న ఫోన్, విజిల్, నీళ్ల సీసా. కుక్కల కోసం బిస్కెట్ ప్యాకెట్ తీసుకెళ్లమని పాల అబ్బాయి ఇచ్చిన సలహా అన్నిటికంటే బాగా పనిచేసింది.

గేటు బయట తాళం చెవులు వేలాడుతున్న బండ్లు, తెరిచి ఉన్న షట్టర్లు, మూత లేని మ్యాన్‌హోల్, కారుతున్న ట్యాంకు, మూత తీసి ఉన్న సంపు, ఇలాంటివే ఎక్కువగా కనిపిస్తాయి. రిజిస్టర్‌లో టైం వేసి రాయండి. మనుషుల గురించి మాత్రం "అనుమానాస్పదం" అని రాయకండి. ఏం చూశారో రాయండి: "12.40కి, నంబరు ప్లేటు లేని బండి, ఫలానా ఇంటి ముందు పావుగంట ఆగింది." ఆ మనిషి రంగు, వేషం, భాష రాయాల్సిన పని లేదు.

తెలియని మనిషి కనబడితే ఎలా పలకరించాలన్నదే మా టీంలో ఎక్కువసేపు వాదన జరిగిన విషయం. "ఎవడ్రా నువ్వు?" అని మొదలుపెడితే అక్కడే చెడిపోతుంది. దూరంగా ఆగి, టార్చి ముఖం మీద కొట్టకుండా, "అన్నా, ఏ ఇల్లు కావాలి?" అని అడగండి. నిజంగా ఇల్లు వెతుక్కుంటున్నవాడు చెప్తాడు, మీరు దారి చూపిస్తారు. జవాబు తేడాగా ఉంటే వాదన పెట్టుకోకుండా వెనక్కి జరిగి 112కు గానీ 100కు గానీ ఫోన్ చేయండి, బండి నంబరు చెప్పండి. ఆధార్ అడగడం, జేబులు తడమడం, ఫోన్ లాక్కుని చూడటం మన పని కాదు.

ఒంటరిగా ఇంటికి వస్తున్న ఆడపిల్లను ఏమీ అడగకూడదు. ఎక్కడినుంచి, ఎవరితో, ఇంత రాత్రి ఎందుకు, ఏదీ వద్దు. తనే పిలిస్తే వెళ్లాలి. క్యాబ్‌లో వచ్చే ఆ అమ్మాయి చెప్పిన ఏర్పాటు ఇది: ఆమె గేటులోకి వెళ్లేదాకా గస్తీవాళ్లు సందు మొదట్లోనే నిలబడి, ముఖం రోడ్డు వైపు తిప్పుకుని ఉండాలి. మొదట్లో ఒకరిద్దరు నవ్వారు. ఇప్పుడు ఇంకో ముగ్గురు ఆడపిల్లలు తమ టైములు వాళ్లంతట వాళ్లే నాకు చెప్పారు. ఎవరైనా వెంటపడి వేధిస్తుంటే పోలీసుల షీ టీమ్స్‌కు చెప్పమని నంబరు కూడా ఇచ్చాం. 2014లో హైదరాబాద్‌లో మొదలైనప్పటినుంచి అవి సివిల్ డ్రెస్‌లోనే తిరుగుతాయి, ఫిర్యాదు చేసినవాళ్ల పేరు బయటికి రానివ్వరు.

దొరికితే?

అందరూ అడిగే ప్రశ్న ఇదే. దొంగ చేతికి చిక్కాడు, ఏం చేయాలి?

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 40వ సెక్షన్ దీని గురించే. నాన్‌బెయిలబుల్, పోలీసులు నేరుగా కేసు పెట్టగలిగే నేరం మీ కళ్లముందు జరిగితే ఆ మనిషిని మామూలు పౌరులు కూడా పట్టుకోవచ్చు. కోర్టు పరారీలో ఉన్నట్టు ప్రకటించినవాడినీ పట్టుకోవచ్చు. పట్టుకున్నాక ఆలస్యం చేయకుండా, ఎంత ఆలస్యమైనా ఆరు గంటలలోపు పోలీసులకు అప్పగించాలి. "కళ్లముందు" అన్న మాటను మా టీంవాళ్లకు నేను పదే పదే చెప్పాను. అనుమానం చాలదు. ఎవరో చెప్పారంటే చాలదు. నిన్న జరిగినదానికి ఇవాళ పట్టుకోవడం కుదరదు.

పట్టుకున్నా కట్టేయడం, కొట్టడం, వీడియో తీసి గ్రూపులో పెట్టడం కుదరదు. నలుగురూ కలిసి తలా ఒక దెబ్బ వేసినా కేసు పడేది ఆ నలుగురి మీదే. దెబ్బలకు మనిషి చనిపోతే హత్య కేసే పడొచ్చు. ఐదుగురో ఆపైనో కలిసి కులం, నమ్మకం, భాష, పుట్టిన ఊరు లాంటి కారణంతో చంపితే కొత్త భారతీయ న్యాయ సంహితలోని 103వ సెక్షన్ రెండో భాగం కింద ఉరి గానీ యావజ్జీవం గానీ. ఈ మాట మెత్తగా చెప్తే వినేవాళ్లు తక్కువ. మేము స్టేషన్ నుంచి ఒక ఎస్సై గారిని పిలిపించి చెప్పించాం. ఆ రోజు తర్వాత కర్రల ప్రస్తావన మళ్లీ రాలేదు.

వాట్సాప్ గ్రూపు, గస్తీ కంటే ప్రమాదం

2018 మే నెల గుర్తుందా? పిల్లలను ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని ఎక్కడివో వీడియోలు తెలంగాణ అంతా తిరిగాయి. హైదరాబాద్‌లోనే, చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. ఆ గుంపులో ఉన్నవాళ్లలో ఎంతమంది తమను తాము కాలనీని కాపాడుతున్నవాళ్లుగా అనుకుని ఉంటారో! అదే కాలంలో గద్వాల, వనపర్తి వైపు ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి కానిస్టేబుళ్లను ఊరూరికీ పంపి, డప్పు కొట్టించి, పాటలు పాడించి ఆ వీడియోలు అబద్ధమని చెప్పించారు. ఆ ఏడాది జులైలోనే వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజ్‌ను ఒకేసారి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది. ఐదు కూడా ఎక్కువేనని నా లెక్క.

గస్తీకి వేరే గ్రూపు పెట్టండి, కాలనీ పుట్టినరోజు కేకుల గ్రూపులో కలపకండి. అందులో అడ్మిన్‌లు ఇద్దరు ముగ్గురే మెసేజ్ పెట్టేలా సెట్టింగ్ మార్చండి. వేరే ఊరి సీసీ కెమెరా వీడియో, 'చెడ్డీ గ్యాంగ్ దిగింది' అనే ఫార్వర్డ్, ఎవరో తెలియని మనిషి ఫోటో, వీటిలో ఏదీ స్టేషన్‌లో అడిగి నిర్ధారించుకోకుండా వెళ్లకూడదు. నాకు అలాంటి వీడియో వస్తే చేసే పని ఇది: అందులో షాపు బోర్డులు, బస్సుల మీది రాత, బండ్ల నంబర్లు చూస్తాను. చాలాసార్లు బోర్డు గుజరాతీలోనో కన్నడంలోనో ఉంటుంది. అక్కడితో అయిపోయింది. కాలనీ గ్రూపులో దుప్పట్లు అమ్మడానికి వచ్చేవాళ్ల ఫోటోలు పెట్టి "జాగ్రత్త" అని రాసినవాళ్లను ఒకసారి హెచ్చరించి, రెండోసారి గ్రూపులోంచి తీసేశాం. వాళ్లలో ఒకరు నా దగ్గర బ్లౌజులు కుట్టించుకోవడం మానేశారు, పర్వాలేదు.

పండగలు

పండగకు పదిహేను రోజుల ముందే రెండు మతాల పెద్దలు కూర్చోవాలి. మండపం ఎక్కడ, మైకు ఎటు తిప్పాలి, నమాజు టైంలో ఆపుతారా, ఊరేగింపు ఏ సందు నుంచి, ఫలహారం బండి ఎప్పుడు, ఇవన్నీ ముందే కాగితం మీద రాసుకుంటే ఆ రోజు వాదన ఉండదు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్‌స్పీకర్లు వద్దనే రూలు 2000 సంవత్సరం నుంచే ఉంది. మీరు రూలు పేరు ఎత్తేకంటే, ఇంటర్ పరీక్షలున్న పిల్లల తల్లిని మాట్లాడమంటే మండపం కుర్రాళ్లు తొందరగా వింటారు.

2023లో వినాయక నిమజ్జనం, మిలాద్ ఉన్ నబీ రెండూ సెప్టెంబరు 28నే పడ్డాయి. ఊరంతా టెన్షన్. ముస్లిం పెద్దలు పోలీసులతో మాట్లాడుకుని మిలాద్ ర్యాలీని అక్టోబరు 1కి మార్చుకున్నారు. సిటీ మొత్తానికి అంత పెద్ద సర్దుబాటు కుదిరినప్పుడు, ఒక సందులో మైకు అటు నుంచి ఇటు తిప్పడం ఎంతసేపు? మా దగ్గర ఆ ఏడాది నిమజ్జనం లారీకి దారి చూపించింది సందు చివరి పెద్దాయన కొడుకే.

మండపం దగ్గర రాత్రి పడుకునే కుర్రాళ్లు, గస్తీవాళ్లు ఒకరి నంబర్లు ఒకరు దగ్గర పెట్టుకోవాలి. ఏదైనా విరిగినా, పడినా, ఫోటో తీయడం తర్వాత, ముందు తెల్లవారేలోపు రెండు వైపుల పెద్దలను నిద్రలేపాలి.

ఇంట్లో గొడవ

చేతులు పొడుగ్గా కుట్టించుకున్న ఆవిడ సంగతి మర్చిపోలేదు. కాలనీలో ఎక్కువ మంది "వాళ్ల ఇంటి గొడవ మనకెందుకు" అంటారు. ఆ ఇంటి అరుపులు వినపడే పక్కింటివాళ్లు మాత్రం రాత్రంతా నిద్రపోరు. 2005 నాటి గృహహింస చట్టం 4వ సెక్షన్ ప్రకారం హింస జరుగుతోందని నమ్మకం ఉన్న ఎవరైనా ప్రొటెక్షన్ ఆఫీసర్‌కు చెప్పవచ్చు. మంచి మనసుతో చెప్పినవాళ్ల మీద కేసు ఉండదు. కాకపోతే మగవాళ్ల గస్తీ టీం వెళ్లి తలుపు కొట్టడం సరికాదు. వాళ్లు వెళ్లిపోయాక ఆవిడకు ఇంకో రెండు దెబ్బలు పడతాయి.

మేము చేసేది: ప్రాణం మీదికొచ్చేలా ఉంటే వెంటనే 112. లేకపోతే పొద్దున, ఆవిడ భర్త డ్యూటీకి పోయాక, ఆవిడతో చనువున్న ఒకరు వెళ్లడం. మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు బ్లౌజు కొలతల చీటీ మీద రాసి ఇవ్వడం. ఫోన్ ఎప్పుడు చేయాలో ఆవిడ ఇష్టం. పిల్లల విషయమైతే 1098 ఉంది. సైబర్ మోసాలకు 1930, ఇది కూడా అందరి గేట్లకూ అంటించిన కాగితంలో వేయించాం, ఎందుకంటే కాలనీలో దొంగలకంటే ఎక్కువ డబ్బు పోయింది ఫోన్లలోనే.

కెమెరాలు, డబ్బు

కెమెరాలు పెట్టండి, కానీ ముఖం రోడ్డు వైపు. ఎవరి కిటికీలోకో, డాబా మీద బట్టలారేసే చోటికో చూసేలా ఉంటే గొడవే. ఫుటేజీ ఎవరు చూడొచ్చో ముందే రాసుకోండి. మా దగ్గర స్టేషన్ వాళ్లు అడిగితే తప్ప ఎవరికీ చూపించం. "మా అబ్బాయి ఎవరితో బండి మీద పోయాడో చూడాలి" అని వచ్చిన తండ్రిని కూడా వెనక్కి పంపాం.

డబ్బు సంగతి తేలిక. ఎంత వసూలైంది, దేనికి ఖర్చయింది అన్న కాగితం నెలాఖరున నా షాపు తలుపు మీద అంటిస్తాను. కిరాయిదారుల దగ్గర ఓనర్లు ఇచ్చేదాంట్లో సగమే తీసుకుంటాం.

మూడు నెలలకోసారి మళ్లీ అడగండి

అవే మూడు ప్రశ్నలు, అవే ఇళ్లు, కానీ అడిగేవాళ్లు మారాలి. గస్తీలో తిరిగేవాళ్లే వెళ్లి "మా పని ఎలా ఉంది?" అంటే ఏం చెప్తారు? మాకు రెండోసారి తేలిందేమిటంటే, షెడ్లలోని కూలీలు ఇప్పుడు గస్తీవాళ్లకు నమస్తే పెడుతున్నారు గానీ రాత్రి పూట నీళ్లకు బోరు దగ్గరికి రావడానికి ఇంకా జంకుతున్నారు. బోరు దగ్గర లైటు వేయించి, అక్కడ ఎవరినీ ఏమీ అడగకూడదని రిజిస్టర్ మొదటి పేజీలో రాశాం. పెద్ద దంపతుల ఇంటి తాళం చెవి ఒకటి ఇప్పుడు మా ఇంట్లో, ఇంకొకటి కింద పోర్షన్‌వాళ్ల దగ్గర ఉంది.

మనుషులు తగ్గిపోతారు, దానికి బాధపడకండి. చలికాలం వచ్చేసరికి మా రాత్రి జతల్లో చాలామంది జారుకున్నారు. బలవంతంగా నడిపిస్తే విసుగుతో తిరిగేవాడు దారిన పోయేవాడి మీద చికాకు చూపిస్తాడు. అందుకని రాత్రి గస్తీని దసరా, సంక్రాంతి, వేసవి సెలవులకే పరిమితం చేశాం, అప్పుడే ఇళ్లకు తాళాలు పడతాయి కాబట్టి. మిగతా రోజుల్లో గూర్ఖా, సాయంత్రం మా ఆడవాళ్ల నడక. జాకెట్లు ఉతికి నా షాపులో బీరువా కింది అరలో పెట్టాను. సంక్రాంతికి ఊరెళ్లేవాళ్లు భోగికి వారం ముందే వచ్చి తమ పేరు, తాళం వేసే తేదీ రిజిస్టర్‌లో రాయించుకుంటారు.